రెండు చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య దూరం, విమాన సమయం మీరే లెక్కగట్టుకోవడం ఎలా

ఫోన్లో రెండు ఊళ్ల పేర్లు కొట్టి మధ్య దూరం ఎంత అని వెతికితే ఒక అంకె వస్తుంది, పక్క సైట్లో ఇంకో అంకె వస్తుంది, మూడోదాంట్లో విమానానికి 25 నిమిషాలు చాలంటారు, తీరా టికెట్ మీద చూస్తే గంట అని ఉంటుంది. చాలాసార్లు వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కో అంకె ఒక్కో దాన్ని కొలుస్తుంది, ఏది దేన్ని కొలుస్తోందో మాత్రం పక్కన రాయరు. రెండు మహానగరాల మధ్య అయితే ఈ తేడా మనకి పెద్దగా తగలదు, ఒక ఫ్లైట్ పోయినా గంటకో రెండు గంటలకో ఇంకోటి దొరుకుతుంది. చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య రోజుకి ఒకటో రెండో సర్వీసులు, కొన్నిచోట్ల అవి కూడా వారంలో కొన్ని రోజులే. అక్కడ అరగంట తప్పు లెక్కేస్తే ఆ రోజంతా పోయినట్టే. మా ఇంట్లో అలా ఒకసారి జరిగింది, అది కింద చెప్తాను.

దీనికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఒక కాగితం, ఫోన్లో కాలిక్యులేటర్, ఒక అరగంట ఓపిక చాలు. ఉదాహరణకి ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరం మీదున్న కెయిర్న్స్, టౌన్స్‌విల్ అనే రెండు ఎయిర్‌పోర్టులు తీసుకుంటాను. రెండూ ఒకే తీరం మీద ఉన్నాయి, ఒకే గడియారం నడుస్తుంది, మధ్యలో రోడ్డు కూడా ఉంది కాబట్టి పోల్చి చూసుకోవడం తేలిక. మీరు మీకు కావలసిన జంట పెట్టుకుని ఇదే వరసలో వెళ్లండి.

ముందు ఎయిర్‌పోర్టు సరైనదేనా చూసుకోండి

ఊరి పేరుతో వెతకొద్దు, కోడ్‌తో వెతకండి. దాదాపు ప్రతి ఎయిర్‌పోర్టుకీ టికెట్ల మీద కనిపించే మూడక్షరాల కోడ్ ఒకటి, పైలట్లు వాడే నాలుగక్షరాల కోడ్ ఒకటి ఉంటాయి. కెయిర్న్స్‌కి సీఎన్ఎస్, టౌన్స్‌విల్‌కి టీఎస్‌వీ. పైలట్ల లెక్కలో అవే వైబీసీఎస్, వైబీటీఎల్. మీకు మూడక్షరాలది తెలిస్తే సరిపోతుంది, నాలుగక్షరాలది మాత్రం మరీ చిన్న ఎయిర్‌పోర్టు అయి మూడక్షరాలది దొరకనప్పుడు పనికొస్తుంది.

కోడ్ గురించి ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే ఒకే పేరున్న ఊళ్లు లోకంలో చాలా ఉన్నాయి. సిడ్నీ అంటే ఆస్ట్రేలియాది ఎస్‌వైడీ, కెనడాలో నోవా స్కోషియాలో ఇంకో చిన్న సిడ్నీ ఉంది, దాని కోడ్ వైక్యూవై. ఆస్ట్రేలియా వెళ్దామని టికెట్ కొనుక్కుని ఆ కెనడా సిడ్నీలో దిగినవాళ్ల గురించి ఒకటి రెండుసార్లు కాదు, చాలాసార్లు వార్తలొచ్చాయి. శాన్ హోసే అంటే కోస్టారికాలో ఎస్‌జేఓ, కాలిఫోర్నియాలో ఎస్‌జేసీ, చివరి అక్షరం ఒక్కటే తేడా. బర్మింగ్‌హామ్ అంటే ఇంగ్లండ్‌లో బీహెచ్ఎక్స్, అలబామాలో బీహెచ్ఎం. వెతికే సైటు మీ తరఫున ఏదో ఒకటి ఊహించుకుని అంకె ఇచ్చేస్తుంది, అది తప్పు ఊరికి సరైన అంకె అవుతుంది.

ఇంకో చిక్కు ఏంటంటే కొన్ని ఎయిర్‌పోర్టులు పెద్ద ఊరి పేరు పెట్టుకుని ఎక్కడో దూరంగా ఉంటాయి. ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ అనేది ఫ్రాంక్‌ఫర్ట్‌కి 120 కిలోమీటర్ల దూరంలో ఉంది, పారిస్-బోవే పారిస్‌కి 85 కిలోమీటర్ల దూరంలో, స్టాక్‌హోమ్ స్కావ్‌స్టా స్టాక్‌హోమ్‌కి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. గాల్లో 300 కిలోమీటర్లు వెళ్లి దిగాక బస్సులో ఇంకో 100 వెళ్లాలంటే ఆ 100 కూడా మీ ప్రయాణమే. అందుకే మ్యాప్ తెరిచి ఎయిర్‌పోర్టు చుక్క ఎక్కడుందో ఒక్కసారి కళ్లతో చూడండి.

దూరం కొలవడం

తేలిక దారి ముందు చెప్తాను. గూగుల్ మ్యాప్స్‌లో కంప్యూటర్ మీద అయితే మొదటి ఎయిర్‌పోర్టు రన్‌వే మీద రైట్ క్లిక్ చేసి దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకోండి, తర్వాత రెండో రన్‌వే మీద క్లిక్ చేయండి, అంతే. ఫోన్లో అయితే రన్‌వే మీద వేలు నొక్కిపెట్టి పిన్ను పడ్డాక అదే ఆప్షన్ వెతుక్కోవాలి. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటు ఇంకా సులువు, రెండు కోడ్‌లు మధ్యలో చిన్న గీత పెట్టి రాస్తే మ్యాప్‌తో సహా చూపిస్తుంది. మనకి కావలసింది భూమి గుండ్రటి ఒంపు మీద రెండు చుక్కల మధ్య అతి దగ్గర దారి, దాన్నే గ్రేట్ సర్కిల్ దూరం అంటారు.

కానీ ఒక్కసారైనా చేత్తో లెక్క వేసి చూడమని నా మాట. ఒకసారి వేస్తే తర్వాత ఏ సైటు తప్పుడు అంకె చూపించినా ఇట్టే పసిగడతారు. ఎయిర్‌పోర్టు వికీపీడియా పేజీలో అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. కెయిర్న్స్ 16.886 దక్షిణం, 145.755 తూర్పు. టౌన్స్‌విల్ 19.253 దక్షిణం, 146.766 తూర్పు. ఊరివి కాకుండా ఎయిర్‌పోర్టువే తీసుకోండి, తక్కువ దూరాల్లో ఊరికీ ఎయిర్‌పోర్టుకీ ఉన్న తేడాయే లెక్కని పాడుచేస్తుంది.

ఇప్పుడు అక్షాంశాల తేడా తీయండి, 2.367 డిగ్రీలు. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు, భూమ్మీద ఎక్కడైనా ఇంచుమించు అంతే. అంటే ఉత్తర దక్షిణాలుగా 263 కిలోమీటర్లు. తర్వాత రేఖాంశాల తేడా, 1.011 డిగ్రీలు. ఇక్కడే చాలామంది పొరబడతారు, దీన్ని కూడా 111తో గుణించేస్తారు. రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరగా వచ్చేస్తాయి, భూమధ్యరేఖ మీద డిగ్రీకి 111 ఉన్నది 60 డిగ్రీల అక్షాంశం దగ్గరికి వచ్చేసరికి సగానికి పడిపోయి 55 చిల్లర అవుతుంది. నార్వేలో బెర్గెన్ ఎయిర్‌పోర్టు సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంది, అక్కడ ఈ సంగతి మర్చిపోతే తూర్పు పడమరల దూరం రెట్టింపు వస్తుంది. కాబట్టి రెండు ఊళ్ల సగటు అక్షాంశం తీసుకుని దాని కొసైన్‌తో గుణించాలి. మన సగటు 18 డిగ్రీలు, కొసైన్ 0.951. మొత్తం 1.011 ఇంటూ 111 ఇంటూ 0.951, అంటే 107 కిలోమీటర్లు.

ఇక బళ్లో చదువుకున్న పైథాగరస్సే. 263 వర్గం, 107 వర్గం కలిపి వర్గమూలం తీస్తే సుమారు 283 కిలోమీటర్లు వస్తుంది. సైటులో కొడితే కూడా అదే చుట్టుపక్కల వస్తుంది. భూమిని చదునుగా అనుకుని వేసిన లెక్క ఇంత దగ్గరగా ఎందుకొచ్చిందంటే దూరం చిన్నది కాబట్టి. ఐదారు వందల కిలోమీటర్ల వరకు ఈ పద్ధతి హాయిగా పనిచేస్తుంది. అంతకన్నా దూరమైతే, ముఖ్యంగా ధ్రువాల వైపున్న ఊళ్లకైతే, గుండ్రటి భూమి మీద దూరం లెక్కగట్టే హావర్‌సైన్ సూత్రం వాడండి, ఫోన్లో దానికి కాలిక్యులేటర్లు బోలెడు ఉన్నాయి. అందులో భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లుగా తీసుకుంటారు. భూమి పూర్తి గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది, దానివల్ల వచ్చే తేడా అర శాతం దాటదు, మన ప్రయాణానికి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

పట్టించుకోవాల్సింది మైళ్లని. సైటులో 153 మైళ్లు అని కనిపిస్తే అది ఏ మైలు? విమానాల లెక్కల్లో వాడే నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, రోడ్డు మీది మామూలు మైలు 1.609. నాటికల్ అయితే 153 అంటే మన 283 కిలోమీటర్లే, రోడ్డు మైలు అనుకుని గుణిస్తే 246 వస్తుంది. నేను చూసిన తప్పుడు లెక్కల్లో సగం ఇక్కడ పుట్టినవే.

ఏ విమానమో తెలుసుకోకుండా సమయం తేలదు

చాలా సైట్లు దూరాన్ని గంటకి 800 పైచిలుకు కిలోమీటర్లతో భాగించి ఫ్లైట్ టైమ్ అని రాసేస్తాయి. అది జెట్ విమానం పైన పూర్తి వేగంలో ఉన్నప్పటి వేగం. చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య తిరిగేవి ఎక్కువగా ప్రొపెల్లర్ల విమానాలు. ఏటీఆర్ 72 వేగం గంటకి 510 కిలోమీటర్ల దాకా, డాష్ 8 క్యూ400 కాస్త చురుకైనది, 660 దాకా వెళ్తుంది. సాబ్ 340 దాదాపు ఏటీఆర్ లాంటిదే. సెస్నా కారవాన్, ట్విన్ ఆటర్ లాంటి బుల్లి విమానాలు 300 చుట్టుపక్కల. ఎంబ్రేయర్, ఎయిర్‌బస్ జెట్లు 830. మీ టికెట్ బుక్ చేసే చోట ఫ్లైట్ వివరాల్లో విమానం రకం రాసే ఉంటుంది, కనిపించకపోతే ఫ్లైట్ నంబర్ కొట్టి వెతకండి.

మన 283 కిలోమీటర్లని ఊరికే భాగిస్తే ఏటీఆర్‌కి 33 నిమిషాలు, క్యూ400కి 26, జెట్‌కి 20. చూశారా, అంత వేగంగా వెళ్లే జెట్ కూడా ఏటీఆర్ మీద మిగిల్చేది 13 నిమిషాలే. నిజంగా అయితే అది కూడా మిగలదు, ఎందుకంటే ఇంత దగ్గర దూరంలో ఏ విమానమూ తన పూర్తి వేగంలో ఎక్కువసేపు ఉండదు. చాలా దేశాల్లో 10,000 అడుగుల కింద 250 నాట్లు, అంటే గంటకి 463 కిలోమీటర్లు దాటకూడదని నియమం ఉంది. ఎక్కేటప్పుడు నెమ్మది, దిగేటప్పుడు నెమ్మది. పైలట్లు దిగడానికి ఒక సులువు లెక్క వాడతారు, ప్రతి వెయ్యి అడుగులకీ మూడు నాటికల్ మైళ్లు. 20,000 అడుగుల ఎత్తులో ఉంటే 60 నాటికల్ మైళ్ల ముందు, అంటే 111 కిలోమీటర్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. ఎక్కడానికి ఒక పావుగంట, ఆ పావుగంటలో ఓ 80, 90 కిలోమీటర్లు. ఇక 283లో నిలకడగా వెళ్లేది ఎంత? మధ్యలో ఓ 80 కిలోమీటర్లు. సీటు బెల్టు దీపం ఆరిపోయిన కాసేపటికే మళ్లీ వెలగడానికి కారణం ఇదే.

అందుకే నేను వాడే లెక్క ఇలా ఉంటుంది. సూటి దూరానికి పది శాతం కలుపుతాను, ఎందుకంటే విమానం గీత గీసినట్టు వెళ్లదు, గాలిదారులున్నాయి, సైన్యం మూసేసిన ఆకాశం ఉంటుంది, రన్‌వే ఎటు తిరిగి ఉంటే అటు ఎగరాలి, గాలికి ఎదురుగా దిగాలి. దాన్ని విమానం వేగంతో భాగించి, వచ్చినదానికి ఎక్కడం దిగడం కోసం 10 నిమిషాలు కలిపితే గాల్లో ఉండే సమయం వస్తుంది. కెయిర్న్స్ నుంచి టౌన్స్‌విల్‌కి క్యూ400లో అయితే 311 కిలోమీటర్లు, 28 నిమిషాలు, పది కలిపితే 38. ఏటీఆర్ అయితే 47 వస్తుంది.

రన్‌వే సంగతి ఒకసారి దగ్గరగా చూడండి, మ్యాప్ చూసే సరదా ఉన్నవాళ్లకి నచ్చుతుంది. కెయిర్న్స్ రన్‌వే పేరు 15/33. రన్‌వే అంకె పక్కన సున్నా పెడితే అది దిక్సూచిలో ఏ దిక్కో వచ్చేస్తుంది, 150 డిగ్రీలు, 330 డిగ్రీలు. టౌన్స్‌విల్ ఉన్నది కెయిర్న్స్‌కి ఆగ్నేయంగా, దిక్సూచిలో ఇంచుమించు 150 దగ్గరే. కాబట్టి 15 వైపు ఎగిరిన రోజు విమానం ముక్కు అప్పటికే గమ్యం వైపు ఉంటుంది, 33 వైపు ఎగిరిన రోజు వ్యతిరేక దిక్కులో పైకి లేచి చుట్టూ తిరిగి రావాలి. ఒకే ఫ్లైట్, ఒకే విమానం, అయినా నాలుగైదు నిమిషాల తేడా ఇలాగే వస్తుంది. అవతల టౌన్స్‌విల్ రన్‌వేని అక్కడి వైమానిక దళం కూడా వాడుకుంటుంది, అది ఇంకో లెక్క.

టికెట్ మీదున్న సమయం వేరు

టికెట్ మీద రాసేది గాల్లో ఉండే సమయం కాదు. చక్రాల కింద పెట్టిన అడ్డుదిమ్మలు తీసిన దగ్గర్నుంచి అవతల మళ్లీ పెట్టేదాకా పట్టే సమయం, దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. ఇందులో రన్‌వే దాకా నేల మీద నడవడం, తన వంతు కోసం ఆగడం, దిగాక నిలబడే చోటికి రావడం అన్నీ కలిసి ఉంటాయి. రెండూ చిన్న ఎయిర్‌పోర్టులైతే వీటికి మొత్తం మీద 15, 20 నిమిషాలు వేసుకోండి, ఒక చివర రద్దీగా ఉండే పెద్ద ఎయిర్‌పోర్టు ఉంటే ఇంకో పది. అంటే మన ఉదాహరణకి క్యూ400లో 55 నిమిషాలు, ఏటీఆర్ అయితే గంట దాటుతుంది. షెడ్యూళ్లలో కనిపించేది కూడా సుమారు గంటే. పైగా కంపెనీలు ఆలస్యానికి కొంచెం చోటు ముందే వదులుకుంటాయి. రాసిన సమయానికి 15 నిమిషాల లోపు వస్తే సమయానికి వచ్చినట్టే లెక్క, చాలాచోట్ల కొలత అదే.

గాలి, గడియారం

గాలి గురించి ఒక్క లెక్క చూపిస్తే చాలు. 600 కిలోమీటర్ల దూరం, విమానం వేగం 500 అనుకోండి. గాలి లేకపోతే పోను గంటా 12 నిమిషాలు, రాను గంటా 12, మొత్తం 2 గంటల 24. ఇప్పుడు 100 కిలోమీటర్ల గాలి వీస్తోంది, వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది కాబట్టి సరిగ్గా గంట, వచ్చేటప్పుడు ఎదురుగా ఉంటుంది కాబట్టి గంటన్నర. మొత్తం రెండున్నర. పోయేటప్పుడు కలిసొచ్చినది వచ్చేటప్పుడు పూర్తిగా చెల్లిపోతుందని అనుకుంటాం, అలా జరగదు, ఎదురుగాలిలో మనం ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి నష్టమే మిగులుతుంది. అందుకని పోయే సమయం చూసి వచ్చే సమయం కూడా అంతే అని రాసుకోవద్దు.

గడియారం ఇంకా మోసం చేస్తుంది. అదే ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో బ్రోకెన్ హిల్ అనే గనుల ఊరుంది, రాష్ట్రం ఒకటే అయినా అక్కడ పక్క రాష్ట్రం సౌత్ ఆస్ట్రేలియా గడియారం నడుస్తుంది, అరగంట వెనక. అదే రాష్ట్రంలోని డబ్బో నుంచి 670 కిలోమీటర్లు. డబ్బోలో తొమ్మిదింటికి బయల్దేరి బ్రోకెన్ హిల్‌లో పదింపావుకి దిగారనుకోండి, చూడ్డానికి గంటంపావు, నిజానికి గంటా 45 నిమిషాలు. తిరిగి వచ్చేటప్పుడు అదే గంటా 45 నిమిషాల ప్రయాణం రెండుంపావు గంటలుగా కనిపిస్తుంది. గోల్డ్ కోస్ట్ ఎయిర్‌పోర్టు అయితే మరీను, దాని రన్‌వే రెండు రాష్ట్రాల సరిహద్దుని దాటుతుంది, అక్కడి వేసవిలో న్యూ సౌత్ వేల్స్ గడియారం గంట ముందుకు జరుగుతుంది, క్వీన్స్‌లాండ్‌ది జరగదు. ఎయిర్‌పోర్టులో క్వీన్స్‌లాండ్ టైమే. పక్క వీధిలో ఉన్న హోటల్ గోడ గడియారం చూసి బయల్దేరితే గంట తేడా.

దీనికి మందు ఒకటే. బయల్దేరే సమయాన్నీ చేరే సమయాన్నీ రెంటినీ యూటీసీలోకి, అంటే లోకమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి, మార్చి అప్పుడు తీసివేయండి. టికెట్ల మీద రాసే రెండు సమయాలూ ఆయా ఊళ్ల స్థానిక సమయాలే అని గుర్తుంటే చాలు.

డైరెక్ట్ అంటే మధ్యలో ఆగదని కాదు

నాన్‌స్టాప్ అంటే ఎక్కడా ఆగదు. డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబర్ మారదు, అంతే. అలాస్కాలో ఒక సర్వీసుంది, సియాటిల్ నుంచి కెచికాన్, రాంగెల్, పీటర్స్‌బర్గ్, జూనో మీదుగా యాంకరేజ్ దాకా, పాలబండి ఇల్లిల్లూ తిరిగినట్టు ఊరూరూ దిగుతూ వెళ్తుంది, వాళ్లు దాన్ని పిలిచేది కూడా మిల్క్ రన్ అనే. అందులో రాంగెల్ నుంచి పీటర్స్‌బర్గ్‌కి 50 కిలోమీటర్లే, జెట్ విమానం పది నిమిషాలు ఎగిరి దిగిపోతుంది. చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య ఇలాంటివి ఎక్కువ కాబట్టి ఫ్లైట్ వివరాల్లో ఆగే చోట్లు సున్నా అని ఉందో లేదో చూడండి. ఆగితే ఒక్కో చోటుకీ దిగడం, ఆగడం, మళ్లీ ఎక్కడం కలిపి ముప్పావుగంట వేసుకోండి.

మీ లెక్కని నిజంతో సరిచూడండి

ఇది వదిలేయొద్దు, నా లెక్క కన్నా దీని మీదే నాకు నమ్మకం ఎక్కువ. ఫ్లైట్‌రాడార్24లో గానీ ఫ్లైట్‌అవేర్‌లో గానీ ఫ్లైట్ నంబర్ కొట్టండి, గడిచిన కొన్ని రోజుల చరిత్ర ఉచితంగానే చూపిస్తాయి. అందులో షెడ్యూల్ సమయం, నిజంగా ఎగిరిన సమయం, దిగిన సమయం విడివిడిగా ఉంటాయి. ఒక వారం రోజులవి కాగితం మీద రాసుకుని చిన్న నుంచి పెద్దకి పేర్చి మధ్యలోది తీసుకోండి. సగటు తీయొద్దు, ఒక్కరోజు రెండు గంటలు ఆలస్యమైతే సగటంతా పాడైపోతుంది. ఎన్నిసార్లు రద్దయిందో కూడా లెక్కపెట్టండి. పొద్దున్నే వెళ్లే సర్వీసు చలికాలంలో మంచు వల్ల తరచూ ఆలస్యమవుతోందా అన్నది ఆ చరిత్రలో కనిపిస్తుంది. చిన్న ఎయిర్‌పోర్టుల్లో కొన్నింటికి మబ్బులో దారి చూపించే పరికరాలు తక్కువ, పెద్ద ఎయిర్‌పోర్టులో దిగగలిగిన వాతావరణంలో కూడా అక్కడ దిగలేకపోవచ్చు.

గుమ్మం నుంచి గుమ్మానికి

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది. మా తమ్ముడికి వేరే ఊళ్లో పదకొండింటికి ఇంటర్వ్యూ. తొమ్మిదింటికి ఫ్లైట్, ఏదో సైటులో ప్రయాణం 40 నిమిషాలని చూశాను, టికెట్ మీద పది గంటల పది నిమిషాలకి చేరుతుందని ఉన్నా మిగతాది జాగ్రత్త కోసం వేసిన అదనపు సమయం అనుకున్నాను. నువ్వు నిశ్చింతగా వెళ్లరా, పదింటికల్లా బయట ఉంటావు అని వాడికి నేనే చెప్పాను. విమానం టికెట్ మీద ఉన్నట్టే వచ్చింది, ఒక్క నిమిషం ఆలస్యం లేదు. అది ఏటీఆర్, వెనక తలుపు లోంచి ఎక్కి దిగాలి, వాడిది రెండో వరస, అంటే అందరూ దిగాక దిగాలి. చేతిలో ఉన్న బ్యాగు పైన పట్టదని మెట్ల దగ్గరే తీసేసుకుని సామాన్ల అరలో పెట్టారు, అందులోనే సర్టిఫికెట్లు, దాని కోసం బెల్టు దగ్గర నిలబడ్డాడు. బయటికొచ్చేసరికి పదీ ముప్పై ఐదు. ఆ ఒక్క ఫ్లైట్ కోసం వచ్చిన నాలుగు క్యాబులూ అప్పటికే వెళ్లిపోయాయి. ఇంటర్వ్యూ గదికి వెళ్లేసరికి పదకొండూ ఇరవై. వాడు నన్నొక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ నాకు బాధ.

అప్పట్నుంచి ఎవరు అడిగినా ఇలా వేసిస్తాను. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకి పట్టే సమయం, అక్కడ ముందుగా ఉండాల్సిన సమయం, టికెట్ మీదున్న పూర్తి సమయం, దిగి బయటికి రావడానికి సామాను లేకపోతే 10 నిమిషాలు ఉంటే 25, అక్కడి నుంచి గమ్యానికి. కెయిర్న్స్, టౌన్స్‌విల్ రెండింటిలోనూ ఎయిర్‌పోర్టు ఊరికి దగ్గరే కాబట్టి 20 నిమిషాలు, గంట, గంట, 25, 20, మొత్తం మూడు గంటల పైన. రోడ్డు మీద సుమారు 350 కిలోమీటర్లు, నాలుగు గంటల పైన. అంటే 40 నిమిషాల ఎగురుడు మీకు మిగిల్చేది ఒక గంట. ఆ గంట కోసం ఫ్లైట్ టైముకి కట్టుబడి ఉండాలా, మీకు నచ్చినప్పుడు కారులో బయల్దేరాలా అన్నది మీ ఇష్టం, నలుగురు కలిసి వెళ్లేటట్టయితే నేను కారే అంటాను.

200 కిలోమీటర్ల లోపు, మంచి రోడ్డుంటే విమానం దాదాపు ఎప్పుడూ ఓడిపోతుంది. 500 దాటితే దాదాపు ఎప్పుడూ గెలుస్తుంది. మధ్యలో ఉన్నవాటికే ఈ లెక్కంతా. రోడ్డే లేని చోట మాత్రం దూరంతో పోలికే లేదు. జూనో అలాస్కా రాజధాని, అయినా బయటి నుంచి దానికి రోడ్డు లేదు, పడవలోనో విమానంలోనో వెళ్లాలి. స్కాట్లాండ్ ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 2.7 కిలోమీటర్లు, షెడ్యూల్ ఉన్న విమాన ప్రయాణాల్లో లోకంలోకెల్లా చిన్నది అదే, గాల్లో ఉండేది రెండు నిమిషాల లోపు. మధ్యలో సముద్రం ఉన్నప్పుడు ఆ రెండు నిమిషాలకి ఉన్న విలువ వేరు.

ఆ విమానం దిగాక వేరే ఫ్లైట్ పట్టుకోవాల్సి ఉంటే రెండూ ఒకే టికెట్ మీద కొనండి, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే వేరే దాంట్లో పంపే బాధ్యత వాళ్లదవుతుంది. విడివిడిగా కొనక తప్పకపోతే మధ్యలో మూడు గంటలకి తగ్గించొద్దు. చివరి సర్వీసులో రాత్రి దిగుతుంటే ఎయిర్‌పోర్టు బయట బండి ఉంటుందని అనుకోకండి, బయల్దేరే ముందే అవతలి ఊళ్లో క్యాబ్ మాట్లాడుకుని డ్రైవర్‌కి ఫ్లైట్ నంబర్ ఇచ్చేయండి, చేరే టైము ఎప్పటికప్పుడు ఆయనే ఫోన్లో చూసుకుని వస్తారు.